గంటకు నూట పదిహేను

పై అరలో ఉన్న డబ్బాను స్టూలు వేసుకోకుండా అందుకోగల ఆడమనిషి ఆ గోడౌను మొత్తానికి ఆమె ఒక్కతే. అందుకని పొడుగమ్మ అన్నారు. చేరిన మొదటి నెలలోనే పడిన ఆ పేరు పన్నెండేళ్ళయినా పోలేదు. అసలు పేరు హాజరు వేసే మిషనుకూ ఇంట్లో మొగుడికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. మొగుడు కూడా కోపం వచ్చినప్పుడే ఆ పేరు వాడేవాడు.

జనం ఇళ్ళలో కూర్చుని ఫోనులో ఏదో ఒకటి కొంటారు. సబ్బులు, చెప్పులు, పిల్లల గొడుగులు. అది ఏ సందులో, ఏ అరలో, ఎన్నో గడిలో ఉందో పొడుగమ్మ మణికట్టుకు కట్టిన చిన్న మిషనులో కనిపిస్తుంది. ఆమె బండి తోసుకుంటూ వెళ్ళి, ఆ వస్తువు తీసి, దాని మీది చారల గుర్తును మిషనుకు చూపించి, బండిలో వేసి, తర్వాతి సందుకు పోవాలి. గంటకు తొంభై తీయాలి. తొంభై తీసినంతకాలం ఎవరూ పల్లెత్తు మాట అనరు. తగ్గితే మిషను ఎర్రగా వెలుగుతుంది. పొడుగమ్మ మిషను ఎర్రబడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆమెతో పాటు ఒకే రోజు చేరినామె బొంగురమ్మ. గొంతు బొంగురు, నోరు పెద్దది. ఆవిడ నవ్వితే నాలుగు సందుల అవతలివాళ్ళకు కూడా నవ్వొచ్చేది, ఎందుకో తెలియకపోయినా. ఎడమ మోకాలు అరిగిపోయింది. దాన్ని "మా సవతి" అనేది. "ఇవాళ మా సవతి పొద్దున్నే లేచి కూర్చుందే, నన్ను మాత్రం లేవనివ్వడం లేదు" అంటూ బండి మీద బరువంతా వేసి నడిచేది. అయినా ఆవిడ లెక్క తొంభైకి తగ్గేది కాదు.

ఒకరోజు హాజరు మిషను పక్కన ఒక కాగితం అంటించారు. పైన "ఆరోగ్య పరిశీలన జాబితా" అని ఉంది. కింద పంతొమ్మిది పేర్లు. అందరూ నలభై ఐదు దాటినవాళ్ళే. సాయంత్రానికి గోడౌనంతా దాన్ని "ముసలి లిస్టు" అనసాగింది. పొడుగమ్మ తన పేరు చూసుకుంది. ఆమెకు యాభై ఒకటి. తలకొట్టేసినట్టయింది.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. ఆమె కొడుకు ఈడువాడు, మర్యాదగానే మాట్లాడతాడు.

"మీరేం మనసులో పెట్టుకోకండమ్మా. పైనుంచి రాయమన్నారు, రాశాను. వయసొచ్చాక ఎవరికైనా తప్పదు కదా. ఏదైనా సులువైన పని చూస్తారేమో."

"నా లెక్క ఎప్పుడైనా తగ్గిందా బాబూ?"

"తగ్గలేదమ్మా. తగ్గకముందే చూసుకుంటున్నారు, అంతే."

సులువైన పని అంటే ఇంట్లో కూర్చోవడమేనని అక్కడ అందరికీ తెలుసు. అంతకుముందు అలాంటి జాబితా ఎక్కినవాళ్ళలో ఏడాది తిరిగేసరికి ముగ్గురు కూడా మిగల్లేదు.

అదే వారం క్యాంటీనులో ఇంకో కాగితం పెట్టారు. ఊళ్ళో మారథాన్ జరగబోతోంది, కంపెనీ దానికి సాయం చేస్తోంది, ఉద్యోగుల్లో ఇష్టమున్నవాళ్ళు పేరు ఇవ్వొచ్చు అని. బొంగురమ్మ దాన్ని పైకి చదివి, పళ్ళెం ముందు పెట్టుకుని నవ్వింది.

"నలభై రెండు కిలోమీటర్లటే. పోయి పరిగెత్తు. ముసలి లిస్టులోంచి నీ పేరు వాళ్ళే కొట్టేస్తారు."

నవ్వులాటకే అంది. కానీ ఆ మాట పొడుగమ్మకు ఎక్కడో పట్టుకుంది. భోజనం సగంలో వదిలేసి వెళ్ళి సూపర్‌వైజరును పేరు రాసుకోమంది. అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఐదు కిలోమీటర్లది కూడా ఉందమ్మా. పెద్దవాళ్ళూ పిల్లలూ అందులో..."

"పెద్దదే రాయి."

ఇంట్లో మొగుడికి చెప్పింది. అతను స్కూలు వ్యాను నడుపుతాడు. "నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా సీట్లో కూర్చుని పోయే దూరమే అది. నాకే నడుము పట్టేస్తుంది. నీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున లేచి, మొగుడి పాత టీషర్టు వేసుకుని, పనికి వేసుకునే బూట్లతోనే బయటికి వెళ్ళింది. బస్సు డిపో గోడ పొడవునా పరిగెత్తింది. గోడ అయిపోకముందే డొక్కలో నొప్పి లేచింది. చివర ఉన్న స్తంభాన్ని పట్టుకుని వాంతి చేసుకుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచే తనకు ఇదొక లెక్కా అనుకున్న ధీమా అక్కడే కారిపోయింది.

ఏడు నెలలు పట్టింది. మొదటి నెల గోడ రెండుసార్లు చుట్టగలిగింది. మూడో నెలకు రైలు గేటు దాకా పోయి రాగలిగింది. సరైన బూట్లు లేకుండా కాళ్ళు పాడుచేసుకుంటోందని బొంగురమ్మ ఆమెను లాక్కెళ్ళి బూట్లు కొనిపించింది. అంతటితో ఆగలేదు. సెలవు రోజుల్లో పొడుగమ్మ దూరాలు పరిగెత్తడం మొదలుపెట్టాక, నీళ్ళ సీసాలూ అరటిపళ్ళూ బుట్టలో వేసుకుని సైకిలు మీద వెనకాలే వచ్చేది. నడవడం కంటే సైకిలు తొక్కడమే ఆవిడ మోకాలికి హాయి.

"తాటిచెట్టంత ఎత్తున్నావ్, కాలెత్తి వెయ్యవేంటే? బస్తా ఈడ్చినట్టు ఈడుస్తున్నావ్!"

"నువ్వు నోరు మూసుకుని తొక్కు."

"నోరు మూస్తే నాకు ఊపిరాడదు. ఇంకో మూడే ఉన్నాయ్, నడువు నడువు."

ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది, ముప్ఫై పరిగెత్తిన వారాల్లో మర్నాడు పొడుగమ్మకు ఒళ్ళు హూనమయ్యేది. తొడలు కొయ్యబారిపోయేవి. సోమవారం పొద్దున బండి తోసుకుంటూ వెళ్ళలేక సందు మొదట్లో నిలబడిపోతే, బొంగురమ్మ అటూ ఇటూ చూసి ఆమె మణికట్టు పట్టుకుని మిషను విప్పింది. తనది ఆమెకు కట్టి, ఆమెది తను కట్టుకుంది.

"ఇవాళ నువ్వు నేను, నేను నువ్వు. మెల్లిగా చేసుకో. నీ లెక్క తగ్గితే లిస్టులో మొదటి పేరు నీదే అవుతుంది. నా లెక్క ఒక్కరోజు తగ్గితే కొంపేం మునగదు."

మిషను మార్చుకోవడం పట్టుబడితే ఉద్యోగం పోతుంది. అయినా ఆఖరి రెండున్నర నెలల్లో పది సోమవారాలు అలాగే గడిచాయి.

పందెం రోజు ఇంకా చీకటి విడవకముందే బయలుదేరదీశారు. వేలమంది. తన ఈడు ఆడవాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమోనని పొడుగమ్మ వెతికింది. కనిపించారు, కానీ వాళ్ళు నల్లకళ్ళద్దాలతో, గుంపులు గుంపులుగా, ఇదివరకు పది పందేలు పరిగెత్తినవాళ్ళలా ఉన్నారు. ఆమె ఎద మీద నంబరు కాగితం, దాని కింద కంపెనీ గుర్తు ఉన్న చొక్కా. మొదటి పది కిలోమీటర్లు ఎలా గడిచాయో తెలియలేదు. రోడ్డుకు ఇరుపక్కలా జనం చప్పట్లు కొడుతుంటే, తన జన్మలో తనకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదని గుర్తొచ్చింది. సగం దూరం రెండు గంటల నలభై నిమిషాల్లో దాటింది. అప్పటికి ఎండెక్కింది.

ముప్ఫై రెండో కిలోమీటరు దగ్గర ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడేసినట్టు ఖాళీ అయిపోయింది. నొప్పి అయితే ఓర్చుకునేది. ఇది నొప్పి కాదు. కాళ్ళు తనవి కావు. చొక్కా అంచు చంకల దగ్గర కోసి, చెమట పడ్డప్పుడల్లా నిప్పులు పోసినట్టుంది. కుడి బూటులో ఏదో తడిగా తగులుతోంది. నెత్తురని తెలుసు, చూడదలచుకోలేదు. పక్కనుంచి ఒక ముసలాయన కుంటుతూ ఆమెను దాటి వెళ్ళాడు. ఆమె ఏడుస్తోంది. ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియదు.

ముప్ఫై మూడు దగ్గర ఆ బొంగురు గొంతు వినిపించింది.

"ఇదిగో, ఇటు చూడు! చచ్చావా, ఉన్నావా?"

బొంగురమ్మ పొద్దున్నుంచి అక్కడే నిలబడి ఉంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఆమె నోటికి పెట్టింది. పొడుగమ్మ ఫుట్‌పాత్ మీద కూలబడబోయింది.

"కూర్చోకు. కూర్చున్నావంటే ఇక లేవవు. నడువు, నేనూ వస్తా."

"నావల్ల కాదే."

"కాదని నాకూ తెలుసు. అయినా నడువు."

చెయ్యి పట్టుకుని పక్కన నడిచింది. కిలోమీటరున్నర పైగా నడిచింది. ప్రతి అడుగుకూ ఎడమకాలు ఈడుస్తూ, మోకాలిని తిడుతూ, ఎండను తిడుతూ, నలభై రెండు కిలోమీటర్లని లెక్కగట్టిన మహానుభావుడెవరో వాడిని తిడుతూ. పొడుగమ్మకు మెల్లమెల్లగా అడుగు పడింది. నవ్వు కూడా వచ్చింది. ఒక మలుపు దగ్గర బొంగురమ్మ చెయ్యి వదిలేసి ఒక ఇంటి మెట్టు మీద కూర్చుండిపోయింది. ముఖం పాలిపోయింది.

"ఇక మా సవతి ఒప్పుకోదు. నువ్వు పో. వెనక్కి చూడకు, పో."

పొడుగమ్మ వెనక్కి చూడలేదు. మిగిలిన దూరం కొంత నడిచి, కొంత పరిగెత్తి, ఐదు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు గీత దాటింది. ఆరు గంటలు దాటితే లెక్కలోకి తీసుకోరు.

గీత దాటగానే ఎవరో మెడలో పతకం వేశారు. ఆకాశం తిరుగుతున్నట్టుంది. ఎదురుగా మేనేజరు. ఎప్పుడూ అద్దాల గదిలోంచి తప్ప ఆమె చూడని మనిషి, రెండు చేతులూ చాచి నవ్వుతున్నాడు. ఆయన పక్కన ఫోటోలు తీసేవాడు. మైకు పట్టుకున్న ఒక అమ్మాయి.

"అద్భుతం మేడమ్! ఈ వయసులో ఇది ఎలా సాధ్యమైంది? మీలాంటి వాళ్ళకు ఏం చెబుతారు?"

ఆమెను మేడమ్ అని ఎవరూ పిలవలేదు ఎన్నడూ. ఒంట్లో ఎక్కడినుంచో ఒక పొంగు వచ్చింది. ముసలి లిస్టు గుర్తొచ్చింది. సూపర్‌వైజరు ఐదు కిలోమీటర్ల మాట గుర్తొచ్చింది. మైకు దగ్గరికి వంగింది.

"ఏముందండీ. మనసు గట్టిగా ఉంటే చాలు. వయసు, మోకాళ్ళ నొప్పులు, ఇవన్నీ ఒట్టి వంకలు. పని ఎగ్గొట్టడానికి చెప్పుకునే వంకలు. నేను చేశాను కదా, ఎవరైనా చెయ్యొచ్చు."

చప్పట్లు మోగాయి. మేనేజరు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆ సమయానికి బొంగురమ్మ ఇంకా బస్సులోనే ఉంది.

మూడు రోజులు సెలవిచ్చారు. కుడికాలి గోళ్ళు రెండు ఊడాయి. మొగుడు వ్యాను దిగి వచ్చి వేన్నీళ్ళలో ఆమె కాళ్ళు పెట్టించి, "నిన్ను కట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంత మొండిదానివని ఇప్పుడే తెలిసింది" అన్నాడు. ఆ మాటలో ఉన్న గర్వం ఆమెకు తెలిసింది. బాగా నిద్రపోయింది.

నాలుగోరోజు గోడౌనుకు వెళ్తే హాజరు మిషను మీద, తలుపంత ఎత్తున తన బొమ్మ. మెడలో పతకం, చెమట, పళ్ళన్నీ కనిపించే నవ్వు. కింద పెద్ద అక్షరాల్లో: "వయసు, మోకాళ్ళ నొప్పులు — ఇవన్నీ ఒట్టి వంకలు." క్యాంటీనులో ఒకటి, మరుగుదొడ్ల దారిలో ఒకటి. ముసలి లిస్టులో ఆమె పేరు మీద గీత కొట్టి ఉంది. మిగతా పద్దెనిమిదీ అలాగే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే, మొదటి వారం ఆమెకు సంతోషంగానే ఉండేది. చూడనట్టు నటిస్తూ చూసుకునేది. మరుగుదొడ్డికి దగ్గర దారి వదిలి ఆ బొమ్మ ఉన్న దారిలో వెళ్ళేది. బొంగురమ్మ ఆ రాత చదివింది.

"మోకాళ్ళ నొప్పులు కూడానా?"

"ఒళ్ళు తెలియక అన్నానే. ఆ పిల్ల మైకు నోట్లో పెట్టేసరికి నోరు జారింది."

"సర్లే. పళ్ళు మాత్రం బాగా పడ్డాయి బొమ్మలో" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ నవ్వు సందుల అవతలికి వినిపించలేదు.

తర్వాతి నెల మొదటి రోజున మేనేజరు అందరినీ సరుకు దించే చోట నిలబెట్టి మాట్లాడాడు. గొంతు చాలా మెత్తగా ఉంటుంది ఆయనది. మనకు మనమే హద్దులు గీసుకుంటున్నామన్నాడు. మన మధ్యే తిరిగే మనిషి మన కళ్ళు తెరిపించిందన్నాడు. ఆమెను ముందుకు పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. తర్వాత, ఈ రోజు నుంచి గంటకు నూట పదిహేను అన్నాడు.

బెల్టు దగ్గర డబ్బాలు మూసే మీసాలాయన, "సార్, తొంభైకే ఊపిరాడ్డం లేదు. నూట పదిహేనంటే పరిగెత్తాలి" అన్నాడు.

మేనేజరు నవ్వి పొడుగమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "యాభై ఒక్కేళ్ళ అమ్మ పరిగెత్తింది. మీకేమైంది?"

రెండు వందల మంది కళ్ళు ఆమె మీద పడ్డాయి. ఆ చూపులు ఆమె మరిచిపోలేదు. నోరు తెరిచి ఏదో ఒకటి అనాల్సిన క్షణం అదే. ఆమె నేల చూసింది.

ఆ రోజు నుంచి గోడౌనులో మాటలు ఆగిపోయాయి. మాట్లాడే తీరిక లేదు. బండ్లు ఒకదానికొకటి గుద్దుకునేవి. మంచినీళ్ళు తాగడం మానేశారు, తాగితే మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని. సాయంత్రానికి సగం సందుల్లో మిషన్లు ఎర్రగా వెలుగుతుండేవి. పొడుగమ్మకు నూట పదిహేను అందేది. ఏడు నెలల పరుగు కాళ్ళకు ఒక జోరు నేర్పింది. అందకపోతే ఎంత బాగుండునని అనుకుంటూనే తీసేది. క్యాంటీనులో ఆమె కూర్చున్న బల్ల దగ్గర జనం పలచబడ్డారు. ఎవరో మరుగుదొడ్ల దారిలో ఉన్న బొమ్మ కళ్ళు మేకుతో పొడిచారు. మర్నాడే కొత్తది పెట్టారు.

మూడు వారాలకు బొంగురమ్మను ఆఫీసు గదిలోకి పిలిచారు. పది నిమిషాల్లో బయటికి వచ్చి, నీళ్ళ కుళాయి దగ్గర పొడుగమ్మ చేతిలో ఒక కాగితం పెట్టింది. నెలల తరబడి లెక్కలు గీతల్లో గీసి ఉన్నాయి. కొత్త టార్గెట్ అందుకోలేకపోయిన మూడు వారాలు ఒక ఎత్తు. దానికి ముందే పడిపోతూ వస్తోందనడానికి రుజువుగా పాత లెక్కలు కూడా జత చేశారు. పది చోట్ల గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. పక్కన ఎర్రసిరాతో సున్నాలు చుట్టారు.

"సోమవారాలు చూడు" అంది బొంగురమ్మ.

పొడుగమ్మ చూసింది. ఆ పది గుంటలూ తనవే. ఆ రోజుల్లో ఆ మిషను కట్టుకుని కాళ్ళీడుస్తూ తిరిగింది తను. బొంగురమ్మ ఆ రోజుల్లో కూడా తొంభై రెండు, తొంభై నాలుగు తీసింది, పొడుగమ్మ పేరు మీద.

"నేను ఇప్పుడే పోయి చెప్తాను."

"ఏమని? మిషన్లు మార్చుకున్నామనా? నువ్వూ పోతావ్. ఇద్దరం పోయి ఏం చేస్తాం, జంటగా అడుక్కుంటామా? ఊరుకో."

"అది కాదే..."

"ఊరుకోమన్నానా. ఇంకా నాలుగు రోజులు గడువుంది. ఈ నాలుగు రోజులూ తీసి చూపిస్తే చూద్దామన్నారు."

పొడుగమ్మ ఊరుకుంది. చెప్పొద్దన్నది బొంగురమ్మే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ నాలుగు రోజులూ పక్క సందులోంచి ఆ కుంటి అడుగుల చప్పుడు, బండి మూలకు తగిలిన చప్పుడు, మధ్యమధ్య బొంగురు గొంతుతో సన్నని మూలుగు వినిపించేవి. ఒకసారి వెళ్ళి తన బండిలోవి ఆవిడ బండిలో వేయబోతే, బొంగురమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "చారలు నీ మిషనులో పడ్డాయి కదే. ఎందుకిక?" అంది. కోపంగా అనలేదు.

నాలుగోరోజు సాయంత్రం ఆవిడ నూట మూడు దగ్గర ఆగిపోయింది. చేతిలోంచి మిషను విప్పి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది. అతను కళ్ళెత్తి చూడలేకపోయాడు. "మా సవతి గెలిచింది బాబూ" అని, పొడుగమ్మ ఉన్న సందు వైపు రాకుండానే, పెద్ద గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొడుగమ్మ అద్దాల గది తలుపు తట్టింది. మేనేజరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. పది సోమవారాల సంగతీ చెప్పింది. మిషన్లు మార్చుకున్నది, ఎందుకు మార్చుకున్నది, ఏ లెక్క ఎవరిది అన్నీ. చివర, "ముప్ఫై మూడో కిలోమీటరు దగ్గర ఆమె రాకపోతే నేను అక్కడే పడిపోయేదాన్ని సార్. మైకులో నేనన్నది అబద్ధం. ఆ బొమ్మ తీసెయ్యండి. నన్ను తీసేసి ఆమెను పిలవండి" అంది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత లేచి తలుపు గట్టిగా మూశాడు.

"ఈ మాటలు ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు సార్."

"అయితే నేనూ వినలేదు. చూడమ్మా, మీ బొమ్మ ఈ ఒక్కచోటే కాదు, మా గోడౌన్లన్నిటిలో పెడుతున్నారు. మిమ్మల్ని దొంగలెక్కలని తీసేస్తే ఆ బొమ్మలేం చెయ్యాలి? ఆవిడ నూట పదిహేను తీయలేకపోయింది, అది నిజమే కదా. పోయి పని చూసుకోండి."

శిక్ష పడినా ఆమెకు కాస్త ఊరటగా ఉండేది. అది కూడా దక్కలేదు.

రెండు ఆదివారాలు ఆగి బొంగురమ్మ ఇంటికి వెళ్ళింది. ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరిందట, రోజంతా నిలబడే పనే. మోకాలికి గుడ్డ చుట్టుకుని మంచం మీద కాలు చాపుకుని ఉంది. టీ ఇచ్చింది. మేనేజరుతో మాట్లాడిన సంగతి పొడుగమ్మ చెప్పింది.

"ఎప్పుడు చెప్పావ్?"

"నువ్వు వెళ్ళిన మర్నాడు."

"మర్నాడు" అంది బొంగురమ్మ.

"నువ్వే కదే వద్దన్నావ్."

"అవును. నేనే వద్దన్నాను. వద్దన్నా చెప్తావేమోనని నాలుగు రోజులూ ఆ అద్దాల గది వైపు చూశాను." గ్లాసు కింద పెట్టింది. "నువ్వు పరిగెత్తినందుకు నాకు కష్టం లేదే. దేవుడి తోడు, నువ్వు గీత దాటావని తెలిస్తే బస్సులో ఏడ్చాను, పక్కనామె ఎవరైనా పోయారా అని అడిగింది. కానీ నీకు మైకు ఇస్తే, నీ నోట్లోంచి వచ్చింది వాళ్ళ మాట. మన మాట కాదు."

టీ చల్లారింది. వచ్చేటప్పుడు బొంగురమ్మ గుమ్మం దాకా రాలేదు, కాలు నొప్పి అంది.

ఇంకో నెలకు గోడౌనువాళ్ళు ఒక అర్జీ రాశారు. టార్గెట్ తగ్గించాలని, ముసలి లిస్టు తీసెయ్యాలని. మీసాలాయనే పూనుకున్నాడు. పని దిగాక వీధి చివర టీకొట్టు దగ్గర ఒక్కొక్కరూ సంతకం పెడుతుంటే పొడుగమ్మ కూడా వెళ్ళి వరసలో నిలబడింది. తన వంతు రాగానే పెన్ను అందుకోబోయింది. మీసాలాయన కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.

"వద్దక్కా."

"నాకూ కష్టంగానే ఉంది తమ్ముడూ. నేనూ పెడతాను."

"నీ మీద కోపంతో అనడం లేదు. నీ పేరు ఇందులో ఉంటే వాళ్ళు నవ్వుతారు. నీ బొమ్మ చూపించి మా అందరి సంతకాలూ కొట్టేస్తారు. నువ్వు లేకపోతేనే మాకు మేలు."

వెనకాల నిలబడినవాళ్ళు ఎవరూ కాదనలేదు. ఆమె వరసలోంచి పక్కకు తప్పుకుంది. వెనకామె ముందుకు జరిగి సంతకం పెట్టింది.

అర్జీకి జవాబు వచ్చింది. నూట పదిహేనును నూట ఎనిమిది చేశారు. కంపెనీ మంచితనమని దాన్ని కూడా కాగితం మీద రాసి అంటించారు. లిస్టు అలాగే ఉంది.

ఒకరోజు పొడుగమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ గంటకు తొంభై మాత్రమే తీస్తాను, మిషను ఎర్రబడితే ఎర్రబడనీ, అందరూ చూడనీ అనుకుంది. పొద్దున మూడు గంటలు అలాగే చేసింది. మెల్లిగా నడిచింది, ఒక్కో వస్తువూ తీరిగ్గా తీసింది. మణికట్టు మీద ఎర్రవెలుగు ఆరకుండా కొట్టుకుంటూనే ఉంది. పక్క సందులో కొత్తగా చేరిన ఒకామె దాన్ని చూసి, "అక్కా, నీది ఎర్రగా అయింది, చూసుకున్నావా?" అని గాభరాపడింది. పొడుగమ్మ ఏదో చెప్పబోయింది. అప్పుడే సందు చివర సూపర్‌వైజరు కనిపించాడు, చేతిలో కాగితాలతో, ఆమె వైపే వస్తున్నాడు. ఇంటి అద్దె, మొగుడి నడుము నొప్పి, యాభై ఒకటి దాటిన తనకు ఇంకెక్కడా దొరకని పని, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆమె చేతులు బండి కమ్మీని గట్టిగా పట్టుకున్నాయి. కాళ్ళు వాటంతటవే జోరందుకున్నాయి.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. నాలుగు గంటలకల్లా తరుగు పడినదంతా పూడ్చింది. సాయంత్రం బండి వదిలేటప్పుడు ఆ రోజు లెక్క గంటకు నూట తొమ్మిది తేలింది. కొత్తామెది తొంభై ఏడు.